రిసీవర్ లోపల, సాకెట్టు బయట

సైకిల్ ట్యూబు టైరు లోపల ఉంటుంది. గాలి కొట్టే వాల్వు మాత్రం రిమ్ములోంచి బయటికి వస్తుంది. బోరు మోటారు వందల అడుగుల లోతున నీళ్లలో ఉంటుంది. దాని స్టార్టరు డబ్బా మాత్రం గట్టుమీద, రైతు చేతికి అందే ఎత్తులో ఉంటుంది. గాలి కొట్టాలంటే ప్రతిసారీ టైరు విప్పాల్సి వస్తే మనలో ఎంతమంది గాలి చూసుకుని బడికి బయలుదేరేవాళ్లం? రోజూ చూసుకోవలసినది చేతికి అందేచోట ఉండాలి. రేడియో కంట్రోల్ విమానాలు తయారు చేసే విద్యార్థులు చాలామంది ఈ చిన్న విషయాన్ని పట్టించుకోవడం లేదని మా అభిప్రాయం. రిసీవర్ కనెక్షన్లలో అవసరమైనవాటిని విమానం బాడీ పక్కకు, బయటికి తేవాలని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా కోరుతున్నాము.

గరుత్మంతుడు తపస్సు చేశాడని చెప్పుకునే కొండ కింద ఉన్నవాళ్లం మనం. ఎగరడం మీద ఆశ మనకు కొత్త కాదు. ఇప్పుడు ఆ ఆశకు దగ్గర్లోనే దారులు కూడా ఏర్పడుతున్నాయి. 2021 మార్చిలో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయానికి మన ప్రాంతపు వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన డ్రోన్ విధానంలో అదే ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాల్లో డ్రోన్ హబ్ అన్నారు. 2025 జూలైలో డ్రోన్ మీదనుంచి వదిలే క్షిపణిని డీఆర్‌డీఓ కర్నూలు దగ్గరి పరీక్షా క్షేత్రంలోనే పరీక్షించింది. ఈ రంగంలోకి మన హాస్టల్ పిల్లలు కూడా పోవాలి. అక్కడ అడిగేది కేవలం ఎగరేయడం కాదు. ఎగిరే వస్తువును ప్రతిసారీ పరీక్షించి, బాగుచేసి, మళ్లీ ఎగరేయగలగడం. ఆ అలవాటు సన్‌బోర్డు విమానంతోనే మొదలు కావాలి.

ముందుగా తమ్ముళ్ల కోసం రిసీవర్ గురించి రెండు మాటలు. మన చేతిలోని ట్రాన్స్‌మిటర్ పంపే సంకేతాన్ని విమానంలో అందుకునే చిన్న పెట్టె రిసీవర్. అగ్గిపెట్టె అంత కూడా ఉండనివి ఉన్నాయి. దానికి వరుసగా సాకెట్లు ఉంటాయి. ఒక్కో సాకెట్టుకు మూడు పిన్నులు: ఒకటి సిగ్నల్, మధ్యది పాజిటివ్, మూడోది నెగెటివ్. రెక్కల మీది ఐలెరాన్లు, తోక మీది ఎలివేటర్, రడ్డర్, మోటారు వేగం, వీటన్నిటికీ ఆజ్ఞ ఇక్కడినుంచే పోతుంది. సర్వో మోటారుకు సెకనుకు 50 సార్లు చిన్న విద్యుత్ స్పందన అందుతుంది. ఆ స్పందన 1.5 మిల్లీ సెకన్లు ఉంటే సర్వో నడిమధ్యన నిలుస్తుంది. 1 మిల్లీ సెకను దాకా తగ్గితే ఒక పక్కకు, 2 దాకా పెరిగితే రెండో పక్కకు తిరుగుతుంది. రిసీవర్‌కు కరెంటు ఆగిందంటే ఇక విమానం ఎవరి మాటా వినదు.

ఇంత ముఖ్యమైన వస్తువును మనం ఎక్కడ పెడుతున్నాం? రెక్క కింద, స్పాంజి ముక్కలో చుట్టి, పైన టేపు వేసి పెడుతున్నాం. దెబ్బ తగలకుండా అలా పెట్టడం సరైనదే. చిక్కల్లా ఎగరేసే ముందు చేయవలసిన పరీక్షలన్నీ అక్కడే ఉండిపోవడం. బ్యాటరీ ఎంత ఉందో చూడాలన్నా, ట్రాన్స్‌మిటర్‌తో మళ్లీ జత కలపాలన్నా, గైరో సెట్టింగు మార్చాలన్నా రెక్క విప్పాలి. రబ్బరు బ్యాండ్లు తీయాలి, లేదా నాలుగు స్క్రూలు ఊడదీయాలి. మొదటిసారి శ్రద్ధగా విప్పుతారు. మూడోసారికి ఎండ నెత్తిమీదికి వస్తుంది, చుట్టూ చేరిన పిల్లలు తొందర పెడతారు. 'ఇందాక బాగానే ఎగిరింది కదా' అని ఎవరో అంటారు. పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. ఇది ఆ కుర్రవాడి నిర్లక్ష్యమని మేము అనము. పరీక్షను అంత కష్టంగా కట్టిపెట్టిన నిర్మాణానిదే తప్పు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. విప్పిన ప్రతిసారీ రెక్కల సర్వో వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టాలి. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టామా, కుడికి తిప్పితే విమానం ఎడమకు వాలుతుంది. అది నేలమీద చూసుకుంటేనే తెలుస్తుంది, గాల్లో తెలిసేసరికి సమయం మించిపోతుంది. కాబట్టి విప్పడం ఎంత తగ్గితే అంత మేలు.

మా అభిప్రాయంలో మూడు కనెక్షన్లు బయటికి రావాలి.

మొదటిది, కరెంటు కలిపే ప్లగ్గు. ఎలక్ట్రిక్ విమానంలో బ్యాటరీ కలిపిన క్షణంనుంచీ ప్రొపెల్లర్ తిరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. చేయి లోపల పెట్టి బ్యాటరీ కలిపేటప్పుడు ముఖం, వేళ్లు ప్రొపెల్లర్‌కు దగ్గరగా ఉంటాయి. దాని బదులు బ్యాటరీ ఎర్ర వైరును మధ్యలో తెంపి, ఆ రెండు కొసలను బాడీ పక్కన ఒక సాకెట్టుకు తేవాలి. ఎర్ర గుడ్డ పీలిక కట్టిన ప్లగ్గు అందులో పెడితేనే కరెంటు పారుతుంది. విమానాన్ని నేలమీద కదలకుండా పట్టుకుని, ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, థ్రాటిల్ అడుగుకు దించి, ప్రొపెల్లర్ వెనకనుంచి ప్లగ్గు పెట్టవచ్చు. దిగగానే మొదట తీయవలసింది కూడా అదే. వేళ్లు పోయాక ఏ విమానమూ మనకు అక్కరలేదు కదా!

రెండోది, బ్యాటరీ పరీక్షించే వైరు. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు చూపిస్తుంది. 3.5 దగ్గరికి వచ్చిందంటే ఇక ఎగరేయకూడదు. బ్యాలెన్స్ వైరు కొస బయట ఉంటే చిన్న మీటరు గుచ్చి క్షణంలో చదవవచ్చు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఈ బ్యాటరీని విమానంలోనే ఉంచి చార్జింగ్ చేయరాదు. ఉబ్బితే మంట అంటుకుంటుంది. బయటికి తీసి, మనిషి కళ్లముందే చార్జింగ్ పెట్టాలి. ఇంజన్ విమానాల్లో రిసీవర్‌కు వేరే బ్యాటరీ ఉంటుంది, సాధారణంగా నాలుగు నికెల్ సెల్లులు, 4.8 వోల్టులు. దానికైతే స్విచ్చు పక్కన చార్జింగ్ సాకెట్టు బయటికి పెట్టడం పాతకాలంనుంచీ ఉన్న పద్ధతే.

మూడోది, జత కలిపే సాకెట్టు. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లు చాలావాటిలో బైండ్ ప్లగ్గు అనే చిన్న ముక్క పెట్టి కరెంటు ఇస్తేనే కొత్త ట్రాన్స్‌మిటర్‌ను గుర్తుపడతాయి. ఆ సాకెట్టునుంచి ఒక పొడిగింపు వైరు బయటికి తెస్తే రెక్క విప్పే పనే ఉండదు. ఆ పని చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీయాలి, అయిపోగానే బైండ్ ప్లగ్గు తీసెయ్యాలి. గైరో ఉంటే దాని సెట్టింగు సాకెట్టునూ ఇలాగే తేవచ్చు.

మిగిలినవి లోపలే ఉండాలి. రిసీవర్‌ను స్పాంజిలోంచి కదపకూడదు. ఈ తరంగాలకు యాంటెన్నా కొస సుమారు 31 మిల్లీమీటర్లే. రెండు యాంటెన్నాలు ఉంటే ఒకదానికొకటి లంబంగా, బ్యాటరీకి, కార్బన్ కడ్డీలకు దూరంగా ఉంచాలి. బయటి వైర్లను వాటికి చుట్టకూడదు.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు ఉన్నారు. 'అతుకులు పెరిగితే చెడిపోయే చోట్లు పెరుగుతాయి, అదురుకు వైర్లు వదులవుతాయి' అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అందుకే పరీక్ష వైర్లు పక్క కొమ్మల్లా మాత్రమే ఉండాలి. బైండ్ వైరు ఊడినా, మీటరు వైరు ఊడినా, సర్వోలకు పోయే కరెంటు ఆగకూడదు. కరెంటు ప్లగ్గు ఒక్కటే అసలు దారిలో ఉంటుంది కాబట్టి అది మోటారు లాగే కరెంటును తట్టుకునేదిగా, బిగుతుగా ఉండాలి. దాన్ని టంకం బాగా వచ్చినవాళ్ల చేతనే పెట్టించాలి. ఇక బరువంటారా, కొన్ని గ్రాములు. ఖర్చంటారా, పొడిగింపు వైర్లు పదుల రూపాయల్లో వస్తాయి. నేలకు గుద్దుకున్న విమానం ఆ ఖర్చుతో తిరిగి రాదు.

మన ఊరి వాతావరణాన్ని బట్టి కొన్ని జాగ్రత్తలు అవసరం. వేసవిలో మన వైపు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. గ్లూ గన్ జిగురు ఆ వేడికి మెత్తబడి సాకెట్టు లోపలికి జారిపోతుంది. సన్నని ప్లైవుడ్ పలకకు రంధ్రం కోసి, సాకెట్టును అందులో బిగించి, పలకను బాడీకి అతికించాలి. రేగడి దుమ్ము లోపలికి పోకుండా రబ్బరు మూత పెట్టాలి. ఇంజన్ విమానమైతే పొగగొట్టం లేని పక్కన పెట్టాలి, లేకపోతే నూనె చేరుతుంది. బ్యాటరీ వైపునుంచి వచ్చే కొసకు పిన్నులు బయటికి పొడుచుకుని ఉండకూడదు, ఏ తాళంచెవో తగిలితే షార్టవుతుంది. ఏ సాకెట్టు దేనిదో, సిగ్నల్ పిన్ను ఎటువైపో పక్కనే తెలుగులో రాయాలి.

ఇదంతా చిన్నపిల్లల ఆటకు ఎక్కువ అనుకునేవారు శ్రీహరికోట వైపు చూడాలి. అక్కడ ప్రయోగ వేదిక మీద నిలబడ్డ రాకెట్టుకు బయటినుంచి బొడ్డుతాడు లాంటి తీగలు కలిపి ఉంటాయి. వాటి ద్వారానే కరెంటు ఇస్తారు, లోపలి పరికరాలు ఎలా ఉన్నాయో తెలుసుకుంటారు. చివరి నిమిషాల్లో సొంత బ్యాటరీకి మారుస్తారు, లేచేటప్పుడు ఆ తీగలు విడిపోతాయి. వందల కోట్ల రాకెట్టును ఎవరూ విప్పి చూడరు, బయటినుంచే అడుగుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరికి ఉంచాము. హాస్టల్లో ఒక విమానానికి ముప్పై మంది ఉంటారు. పరీక్ష చేయాలంటే విప్పాల్సి వస్తే, విప్పడం తెలిసిన ఒక్క పెద్ద తరగతి అన్న చేతిలోనే అంతా ఉండిపోతుంది. మిగిలినవాళ్లు చుట్టూ నిలబడి చప్పట్లు కొడతారు. ఆ అన్న పదో తరగతి ముగించి వెళ్లిపోతే విమానం బీరువా ఎక్కుతుంది. అదే సాకెట్లు బయట ఉంటే ఆరో తరగతి తమ్ముడు కూడా మీటరు గుచ్చి, వోల్టులు చదివి, నోటుబుక్కులో రాయగలడు. 'తక్కువుందన్నా, ఎగరేయొద్దు' అని ధైర్యంగా చెప్పగలడు. సంఖ్య చూపిస్తుంటే ఏ అన్నా కాదనలేడు. ఆ మాట చెప్పగలిగినవాడే రేపు ఇంజనీరు అవుతాడు.

ఎక్కడ ఎగరేయాలన్నది కూడా మరువరాదు. 2021 డ్రోన్ నియమాలు చదువుకో వినోదానికో కంటికి కనిపించే దూరంలో ఎగిరే 25 కిలోల లోపు విమానాలను మోడల్ తరగతిగా గుర్తించాయి. అయినా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాల పటం చూసుకోవాలి. తిరునాళ్ల జనం మీద, నల్లమల అడవి వైపు అసలు వద్దు. కోత అయిపోయిన పొలంలో, రైతును అడిగి, పెద్దల సమక్షంలో ఎగరేయాలి.

ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివి స్థిరపడిన మన పూర్వ విద్యార్థి అన్నలకు మా విన్నపం ఒక్కటే. హాస్టల్‌కు కొత్త విమానం కొనివ్వాలనుకుంటే సంతోషం. దానికన్నా ముందు ఒక ఆదివారం టంకం కడ్డీ తీసుకుని రండి. ఉన్న విమానానికే పక్కన చిన్న పలక, మూడు సాకెట్లు పెట్టడం తమ్ముళ్లకు చేతులు పట్టించి నేర్పండి. వార్డెన్ సారు అనుమతితో పరీక్షల నోటుబుక్కు ఒకటి మొదలుపెడదాం. వచ్చే వార్షికోత్సవానికి ఆ పుస్తకం నిండా తమ్ముళ్ల చేతిరాత కనిపించాలని ఆశిస్తున్నాము.