అటకమీది రాట్నము

ఆగస్టు 15వ తేదీకి రెండు దినములు ముందు మా మనుమరాలు అటక దులుపుచు నొక రాట్నమును క్రిందికి దింపినది. చక్రపుటాకులు రెండు విరిగియున్నవి. కదురు త్రుప్పు పట్టినది. “అమ్మమ్మా, ఇది యెవరిది? ముందుగదిలో అలంకారముగా పెట్టుకొందునా?” అని యడిగినది. మాకు వెంటనే బదులు తోచలేదు.

అది మా అమ్మమ్మగారిది. 1921వ సంవత్సరము మార్చి నెలాఖరున బెజవాడలో జరిగిన కాంగ్రెసు సభలో కోటి రూపాయల నిధియు, కోటి సభ్యులును, 20 లక్షల రాట్నములును సమకూర్పవలెనని తీర్మానించిరి. ఆ 20 లక్షలలో తనదియు నొకటి యని ఆమె చెప్పుకొనెడివారు. వంట ముగిసిన పిమ్మట ఏకులు ముందుంచుకొని దీపపు వెలుగున వడికెడివారు. ఆ నూలుతో నేయించిన ముతకచీరనే పండుగనాడును కట్టెడివారు.

సోదరీమణులారా, నిజము చెప్పవలెనన్న, ఆ చీరను చూచిన మాకు సిగ్గుగా నుండెడిది. స్వరాజ్యము వచ్చిన తరువాత పుట్టినవారము. అదంతయు పరీక్షకు చదివి మరచిన పాఠము. 1974లో మా పెండ్లినాడు “పట్టుచీర కట్టుకొనుము, అమ్మమ్మా! వచ్చినవారేమనుకొందురు?” అని మేమే అంటిమి. ఆమె మాటాడక లోనికి పోయి చీర మార్చుకొని వచ్చిరి. మరునాడు మరల ముతకచీరయే. ఆమె పోయిన పిమ్మట రాట్నమును అటక యెక్కించినదియు మేమే.

కావున మనుమరాలిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. పైగా ఆ సభ జరిగిన దినములలోనే పింగళి వెంకయ్యగారు గాంధీగారికి పతాకపు నమూనా చూపిరనియు, 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదించిన పతాకమున రాట్నమునకు బదులు ధర్మచక్రము వచ్చెననియు ఆమెయే మాకు వివరించినది. డాబాపై నెగురవేయుటకు తెచ్చిన జెండా మాత్రము పాలియెస్టరుది! 2021 డిసెంబరులో నిబంధన సవరించినందున అది చెల్లును. అంతకుముందు చేత వడికి చేత నేసిన ఖద్దరే కావలసియుండెను. మేము కొంచెము నసిగితిమి. “ఖద్దరు జెండా వెల నీకు తెలియునా?” అని నవ్వినది. వెలమాట నిజమే.

రాట్నమును వడ్రంగికిచ్చితిమి. బాగుపడినచో వడుకుట నేర్పుమని పిల్ల అడుగుచున్నది. మాకు రాదు. నేర్పెదనని అమ్మమ్మగారు పిలిచినప్పుడెల్ల ఏదో నెపముతో తప్పించుకొంటిమి. శ్రీకాకుళముజిల్లా పొందూరులో నేటికిని సన్ననూలు వడికెడి స్త్రీలు కలరు. దసరా సెలవులకు దానిని వెంటబెట్టుకొని అచటికి పోవలెనని యున్నాము.