ప్రేక్షకుల చందాతో స్వతంత్ర కార్యక్రమం నిలుస్తుందా? జంషెడ్‌పూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

జంషెడ్‌పూర్: వాణిజ్య ప్రకటనలు లేకుండా, ప్రభుత్వ సాయం తీసుకోకుండా, కేవలం ప్రేక్షకులు చెల్లించే చందాలతో ఒక వార్తా విశ్లేషణ కార్యక్రమాన్ని అంతర్జాలంలో నడపడం సాధ్యమేనా? దేశ రాజధానిలో ఈ ప్రశ్నకు దశాబ్దానికి పైగా సమాధానాలు వెలువడుతున్నాయి. అయితే వాటికి అసలైన పరీక్ష ఎదురయ్యేది జంషెడ్‌పూర్ వంటి నగరాల్లోనే. ఇక్కడ నిర్మొహమాటంగా చర్చించవలసిన అంశాలు అనేకం. ఆ చర్చ వ్యయాన్ని భరించగల ఆదాయ మార్గాలు మాత్రం పరిమితం.

1919లో జంషెట్‌జీ టాటా పేరిట నామకరణం పొందిన ఈ నగరం ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగింది. నగరంలోని అధిక భాగంలో తాగునీరు, విద్యుత్తు, పారిశుద్ధ్యం వంటి పౌరసేవలను నేటికీ టాటా స్టీల్ అనుబంధ సంస్థే అందిస్తోంది. నోటిఫైడ్ ఏరియా పరిధిలోని పౌరులు లోక్‌సభకు, శాసనసభకు ఓటు వేస్తారు గాని, వారికి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. ‘మూడో ఓటు’ పేరిట ఈ లోటుపై దశాబ్దాలుగా వాదోపవాదాలు సాగుతున్నాయి. విషయం సుప్రీంకోర్టు వరకూ వెళ్లింది. 86 బస్తీల నివాసులకు యాజమాన్య హక్కు కల్పించాలన్న డిమాండ్ ఎన్నికల వేళ మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. నగరానికి చేరువలోని జాదుగోడా యురేనియం గనుల పరిసర ప్రజల స్థితిగతులపై శ్రీప్రకాశ్ 1999లో ‘బుద్ధా వీప్స్ ఇన్ జాదుగోడా’ అనే డాక్యుమెంటరీని తీశారు. అది స్వతంత్ర నిర్మాణంగానే ప్రజల ముందుకు వచ్చింది.

ఒక నగరంలో ప్రధాన యజమాని, ప్రధాన ప్రకటనదారు, పౌరసేవల నిర్వాహకుడు ఒకే సంస్థ అయినప్పుడు స్థానిక మాధ్యమాలకు ఆదాయపరంగా స్వేచ్ఛ తక్కువగానే ఉంటుంది. రెండో పెద్ద ప్రకటనదారు సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వమే. ఇది ఏ ఒక్క సంస్థపైనా చేస్తున్న ఆరోపణ కాదు. ఒకే పరిశ్రమ చుట్టూ వెలసిన నగరాల ఆర్థిక నిర్మాణమే అటువంటిది. ఆ రెండు వనరులనూ పక్కన పెట్టదలచిన కార్యక్రమానికి మిగిలే దారి ప్రేక్షకుడే.

ముందున్న అనుభవాలు

ఈ దారిలో మన దేశంలో తొలి అడుగులు వేసిన వాటిలో 2012లో ఢిల్లీలో ప్రారంభమైన న్యూస్‌లాండ్రీ ముఖ్యమైనది. మధు త్రేహాన్, అభినందన్ సేఖ్రీ తదితరులు స్థాపించిన ఈ సంస్థ ప్రకటనలను తిరస్కరించి చందాలను ఆదాయ మార్గంగా ఎంచుకుంది. సంపాదకులు వారానికొకసారి కూర్చుని దాపరికం లేకుండా వాదించుకునే ‘హఫ్తా’ కార్యక్రమం చందాదారులను ఆకర్షించిన వాటిలో ఒకటి. నిర్దిష్టమైన పరిశోధనకు ముందుగానే పాఠకుల నుంచి నిధులు సమీకరించే ‘ఎన్‌ఎల్ సేనా’ పద్ధతిని కూడా ఆ సంస్థ అనుసరించింది. 2024లో ఎన్నికల బాండ్ల వివరాలు వెల్లడైనప్పుడు న్యూస్‌లాండ్రీ, దక్షిణాది వార్తలకు పేరొందిన ద న్యూస్ మినిట్, స్క్రోల్ కలసి పని చేశాయి. చిన్న సంస్థలు వ్యయాన్ని పంచుకుంటే పెద్ద పనిని తలకెత్తుకోగలవని ఆ ప్రయత్నం చూపింది.

ఫ్రాన్స్‌లో 2008లో ఎడ్వీ ప్లెనెల్ తదితరులు ప్రారంభించిన మెడియాపార్ట్ సైతం ప్రకటనలు లేకుండా చందాలతోనే నడుస్తూ కొన్నేళ్లలోనే లాభాల్లోకి వచ్చింది. అయితే ఈ రెండింటికీ దేశవ్యాప్త పాఠక వర్గం ఉంది. ఒక నగరానికి పరిమితమైన కార్యక్రమం లెక్క వేరు.

లెక్క ఎలా ఉంటుంది?

ఒక విలేకరి, ఒక కెమెరా, ఎడిటింగ్ నిపుణుడు, కొంత ప్రయాణ వ్యయం కలిపి నెలకు రూ.1.5 లక్షలు అవసరమని అనుకుందాం. నెల చందా రూ.99 అయితే, ఏ కోతా లేనప్పుడు 1,516 మంది చందాదారులు కావాలి. యూట్యూబ్ సభ్యత్వ ఆదాయంలో 30 శాతం ఆ వేదికకే వెళుతుంది. అప్పుడు అవసరమైన సంఖ్య సుమారు 2,165కు చేరుతుంది. క్రమం తప్పక చూసేవారిలో నూటికి ఒకరు చొప్పున చెల్లిస్తారనుకుంటే 2.16 లక్షల మంది ప్రేక్షకులు ఉండాలి. 2011 జనగణన ప్రకారం జంషెడ్‌పూర్ పట్టణ సముదాయ జనాభా 13 లక్షలకు పైగా ఉంది. అంటే పసిపిల్లలతో సహా ప్రతి ఆరుగురిలో ఒకరు ఆ కార్యక్రమాన్ని చూడాలి.

ఇది స్థూల లెక్కే అయినప్పటికీ దాని సారం స్పష్టం. వీక్షకుల సంఖ్యను పెంచుకుంటూ పోవడం కంటే, చెల్లించేవారి నిష్పత్తిని నూటికి ఒకటి నుంచి మూడుకో నాలుగుకో తీసుకువెళ్లడమే స్థానిక కార్యక్రమానికి మనుగడ మార్గం. అది పరిచయం, విశ్వాసం ఉన్న చోటనే సాధ్యపడుతుంది.

వచ్చిన చందాను నిలుపుకోవడం మరో సమస్య. కార్డుల ద్వారా జరిగే పునరావృత చెల్లింపులపై రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. మోసాలను అరికట్టడానికి ఉద్దేశించిన ఆ నిబంధనలకు బ్యాంకులన్నీ ఒకేసారి సిద్ధపడకపోవడంతో అనేక ఆటోమేటిక్ చెల్లింపులు నిలిచిపోయాయి. 2020లో వచ్చిన యూపీఐ ఆటోపే కొంత ఊరటనిచ్చింది.

నిర్మొహమాటానికి చట్టపరమైన మూల్యం

ఆదాయం సమకూరినా మాటకు రక్షణ లభించినట్లు కాదు. కేంద్రానికి సంబంధించిన సమాచారంలో నిజానిజాలను తేల్చే అధికారాన్ని ప్రభుత్వ విభాగానికే అప్పగించిన 2023 నాటి ఐటీ నిబంధనల సవరణను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేసింది. ఆ కేసులో పిటిషనర్లలో ఒకరు హాస్య కళాకారుడు కునాల్ కమ్రా. 2025 ఏప్రిల్ చివరిలో 4పీఎం న్యూస్ యూట్యూబ్ చానెల్ ప్రభుత్వ ఆదేశంతో నిలిచిపోయింది. యాజమాన్యం సుప్రీంకోర్టును ఆశ్రయించిన తరువాత మే నెలలో ఆ ఆదేశాన్ని ఉపసంహరించారు. ఒక వేదికపైనే ఆధారపడిన కార్యక్రమానికి అటువంటి రెండు వారాలు చాలా దీర్ఘమైనవి. చందాదారుల జాబితా, వారితో నేరుగా మాట్లాడగల మార్గం తన చేతిలో ఉన్న సంస్థ మాత్రమే ఆ వ్యవధిని తట్టుకోగలదు. ఢిల్లీలో న్యాయవాదులను నియమించుకునే స్తోమత జిల్లా స్థాయి నిర్వాహకులకు అరుదు. అందుచేత చందా లెక్కలో న్యాయ వ్యయానికి కొంత మొత్తం మొదటి నెల నుంచే కేటాయించడం విజ్ఞత.

చందా అన్న మాటకు రెండు అర్థాలు

తెలుగులో ‘చందా’ అన్న మాట పత్రికకు చెల్లించే రుసుముకూ, ఉత్సవాలకు ఇచ్చే విరాళానికీ చెల్లుతుంది. హిందీలో ఆ మాట వినగానే ప్రధానంగా స్ఫురించేది విరాళమే. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండో అర్థం సుపరిచితం. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ సమాజపు ఉమ్మడి కృషికి చిరునామాగా నేటికీ నిలిచి ఉంది.

ఈ రెండు అర్థాల మధ్య తేడా కేవలం నిఘంటువుకు సంబంధించినది కాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం వార్తా కార్యక్రమాల నిర్మాతలు విదేశీ విరాళం స్వీకరించరాదు. విదేశీ పౌరసత్వం పొందిన ప్రవాసాంధ్రుడు పంపే విరాళానికీ ఇది వర్తిస్తుంది. సాధారణ వ్యాపార క్రమంలో అందించిన సేవకు తీసుకునే రుసుము మాత్రం విరాళం నిర్వచనంలోకి రాదు. కనుక విదేశాల్లోని మిత్రుల సహాయంపై ఆశ పెట్టుకునే నిర్వాహకులు ఏది విరాళం, ఏది చందా అన్నది ముందుగానే స్పష్టపరచుకోవాలి.

తేడా నైతికమైనది కూడా. విరాళమిచ్చిన వ్యక్తి తన పక్షాన నిలబడమని ఆశిస్తాడు. రుసుము చెల్లించిన వ్యక్తి నాణ్యమైన పనిని ఆశిస్తాడు. చందాదారులను అభిమానులుగా, ఆ తరువాత అనుచరులుగా మార్చుకున్న కార్యక్రమం ప్రకటనదారు ఒత్తిడి నుంచి బయటపడి, ప్రేక్షకుల ఒత్తిడిలో చిక్కుకుంటుంది. బస్తీవాసుల పక్షాన మాట్లాడి చందాలు పొందిన విశ్లేషకుడు, వారి నాయకుల తప్పిదాన్ని ఎత్తి చూపవలసి వచ్చిన రోజున ఏమి చేస్తాడు? కంపెనీ ఉద్యోగులే చందాదారులైనప్పుడు కాంట్రాక్టు కార్మికుల వేతనాలపై ఎంత సూటిగా మాట్లాడతాడు? స్వతంత్రతకు నిజమైన కొలమానం అక్కడే లభిస్తుంది.

దీనికి ఆచరణీయమైన జాగ్రత్తలు లేకపోలేదు. ఆదాయ వ్యయాలను ఏటా బహిరంగపరచడం, ఏ ఒక్కరి నుంచీ నిర్ణీత పరిమితికి మించి సొమ్ము స్వీకరించకపోవడం, సవరణలను కార్యక్రమంలోనే ప్రకటించడం, చందాదారుల అసమ్మతికి క్రమం తప్పక చోటివ్వడం వాటిలో కొన్ని. ఇవి పాటించిన తరువాత కూడా కొందరు చందా మానేయవచ్చు. ఆ నష్టాన్ని ముందే లెక్కలో చేర్చుకున్న కార్యక్రమానికి జంషెడ్‌పూర్ వంటి నగరంలోనూ నిలదొక్కుకునే అవకాశం ఉంది. ఎన్నికైన నగరపాలక సంస్థ లేని చోట పౌరుల ప్రశ్నలు నమోదయ్యే వేదికలు ఎలాగూ కొద్దివే. ఇంకొకటి చేరాలంటే నెలకు వంద రూపాయలకు లోపు చెల్లించి, తమకు నచ్చని మాటను సైతం విన సిద్ధపడే రెండు వేల మంది కావాలి.