ఒకరికి దెబ్బ తగిలితే ముగ్గురి సీట్లు మారాయి

2021 ఫిబ్రవరి 8, సోమవారం. తెల్లవారుజామున 5 గంటలకి అలారం పెట్టుకుని మరీ లేచా. "ఆఫీస్ మీటింగా?" అంది అమ్మ. "ఊఁ" అన్నా. నిజానికి అది సూపర్ బౌల్! కాన్సాస్ సిటీ చీఫ్స్, టాంపా బే బక్కనీర్స్ మ్యాచ్. మహోమ్స్ ఉన్నాడు కదా, కప్పు చీఫ్స్‌దే అనుకున్నా. తీరా చూస్తే 31-9తో చిత్తుగా ఓడారు. ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు.

మహోమ్స్ సరిగ్గా ఆడక కాదు. బంతి చేతికొస్తే చాలు, ప్రాణభయంతో పరిగెత్తాల్సి వచ్చింది. అతన్ని కాపాడాల్సిన గోడ అప్పటికే బీటలు వారింది మరి.

ఆ గోడ పేరే అఫెన్సివ్ లైన్. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. మొత్తం ఐదుగురు. మన కబడ్డీలో లెఫ్ట్ కార్నర్‌ని తీసుకెళ్లి రైట్ కార్నర్‌లో నిలబెడితే ఏమవుతుంది? మనిషి అతనే, కానీ కాళ్ల అలవాటు తిరగబడుతుంది. ఇక్కడా అంతే. పైగా పక్కవాడు ఎప్పుడు ఎటు కదులుతాడో చూడకుండానే తెలియాలి. అది రోజూ కలిసి ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది.

చీఫ్స్ రైట్ టాకిల్ ష్వార్ట్జ్ వెన్ను సమస్యతో అక్టోబర్ నుంచే బయట. గార్డ్ డువెర్నే-టార్డిఫ్ డాక్టర్ కూడా. కోవిడ్ టైమ్‌లో సేవ చేయడానికి ఆ సీజనే వదులుకున్నాడు. ఇక ఫైనల్‌కి రెండు వారాల ముందు లెఫ్ట్ టాకిల్ ఫిషర్‌కి మడమ దగ్గర అకిలిస్ టెండన్ తెగింది.

అప్పుడు కోచ్‌కి రెండు దారులు. ఒకటి, ఖాళీ అయిన సీట్లో బెంచ్ మీదున్న వాడిని కూర్చోబెట్టి, మిగతావాళ్లని కదపకపోవడం. రెండోది, ఉన్నవాళ్లలో బెస్ట్ ఐదుగురిని తీసి సీట్లు సర్దడం. చీఫ్స్ రెండోదే ఎంచుకున్నారు. రైట్ టాకిల్ రెమ్మర్స్ లెఫ్ట్‌కి వెళ్లాడు. గార్డ్ వైలీ రైట్ టాకిల్‌కి జరిగాడు. వైలీ సీట్లోకి విస్నెవ్‌స్కీ వచ్చాడు. ఒక్క గాయానికి మూడు మార్పులు!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, గత నెల నేనూ అదే పని చేశా. బైక్ మీంచి పడి మా సీనియర్ చెయ్యి విరిగింది. "ఆయన పని ఈమెకి, ఈమె పని వాడికి, వాడి పని నాకు" అని మా లీడ్‌కి ఐడియా ఇచ్చింది నేనే. పేపర్ మీద సూపర్‌గా కనిపించింది. రిలీజ్ రాత్రి అంతా ఢమాల్. మాట పడింది మాత్రం కొత్త మాడ్యూల్‌లో వారం కూడా గడవని జూనియర్ కుర్రాడికి. "వీడు ప్రెషర్ తట్టుకోలేడు" అనేశారు.

ఇక్కడే వైలీ కథ మిగతా సగం చెప్పాలి. 2022 సీజన్ అంతా అతను రైట్ టాకిల్‌గానే ఆడాడు. 2023 ఫిబ్రవరిలో మళ్లీ సూపర్ బౌల్. ఎదురుగా ఆ సీజన్ లీగ్ మ్యాచుల్లో 70 సార్లు క్వార్టర్‌బ్యాక్‌లని పడగొట్టిన ఫిలడెల్ఫియా ఈగల్స్. ఆ రోజు మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయారు. 38-35తో కప్పు చీఫ్స్‌దే.

అదే మనిషి, అదే సీటు. మధ్యలో దొరికింది టైమ్. సీటు మార్చడం తప్పని కాదు, ఒక్కోసారి తప్పదు కూడా. కానీ మార్చిన పది రోజులకే మనిషికి మార్కులు వేసేయడం మాత్రం అన్యాయం.

వచ్చే సోమవారం మా అప్రైజల్ మీటింగ్. ఆ షఫుల్ ఐడియా నాదేనని, తప్పు కుర్రాడిది కాదని చెప్పాలనుకుంటున్నా. నా రేటింగ్ కాస్త తగ్గుతుందేమో. తగ్గనీ.