ఆ పల్లం మీద మట్టి పోయకండి

మా గేటు తీసి లోపలికి వచ్చినవాళ్లు మొదట అనేది ఒకటే మాట. "ఇదేంటండీ, ఇక్కడ నీళ్లు నిలుస్తున్నట్టున్నాయి! ఓ ట్రాక్టరు మట్టి పోయించకపోయారా?" మెట్టతామర ఎర్రగా విరగబూసి ఉంటుంది, అది కనబడదు. నాలుగేళ్లుగా ఇదే వరస. ఆ పల్లం పాపం దానంతటది ఏర్పడింది కాదండీ, కూలీ ఇచ్చి మరీ తవ్వించుకున్నాను.

దీన్ని రెయిన్ గార్డెన్ అంటారు. 1990 ప్రాంతంలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఓ కొత్త కాలనీకి ఇంటింటా ఇలాంటివి వేశాక ఆ పేరు నలుగురికీ తెలిసింది. పేరు వింటే ఏదో షోకు అనుకుంటారు గానీ, నన్నడిగితే ఇదొక పెద్ద పాదు. స్నానాల నీళ్లు పారేచోట అరటిపిలక నాటిన మా అమ్మమ్మకి దీన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. చూరు కింద గంగాళం పెట్టి, నిండి పొర్లిన నీళ్లను కనకాంబరాల మడికి మళ్లించేది. ఆవిణ్ణి ఎవరూ వెక్కిరించలేదు.

నాకు వచ్చిన కష్టం ఏమిటంటే, లెక్క చెప్పినా వినరు. హైదరాబాద్‌లో మాది 200 గజాల ఇల్లు. వీధివైపు గొట్టంలో దిగేది డాబామీద 40 చదరపు మీటర్ల మేర పడ్డ వాన. పాదు రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఆరంగుళాల లోతు. 600 లీటర్లు పడుతుంది. అంటే 15 మిల్లీమీటర్ల వాన కురిసినా ఆ గొట్టం నీళ్లు రోడ్డెక్కవు. ఈ ఊళ్లో ఏడాదికి పడేది సుమారు 800 మిల్లీమీటర్లు. ఆ ఒక్క గొట్టం వాటా 32 వేల లీటర్లు, ఐదువేల లీటర్ల ట్యాంకర్లయితే ఆరు దాటుతాయి. జడివానలో పొర్లేది ఎలాగూ పొర్లుతుంది, దానికి ఓ పక్క గండి ఉంచాను. మిగిలింది మొక్కలు తాగగా నేలకే. ఎండాకాలం ట్యాంకరు కోసం పొద్దున్నే ఫోన్లు చేసేవాళ్లకి ఈ లెక్క ఎందుకు రుచించదో!

ఇక దోమలు. ఈ మాట అనని చుట్టం లేడు. సాయంత్రం నిండిన పాదు తెల్లారేసరికి ఇంకిపోతుంది. గుడ్డు దోమై ఎగరాలంటే వారం అటూ ఇటూ పడుతుంది. అదే చుట్టం ఇంట్లో వేసవి వెళ్లినా కూలర్లో నీళ్లు అలాగే ఉంటాయి, దాన్నెవరూ ఏమీ అనరు.

తప్పు నావైపూ ఉంది, ఒప్పుకుంటాను. మొదట గోడ పక్కనే తవ్వించాను. కట్టుబడి నాటి సిమెంటు పెళ్లలు, రాళ్లు కింద గట్టిపడిపోయి ఉన్నాయి. రెండు రోజులైనా నీళ్లు కదల్లేదు. పూడ్పించేసి, పునాదికి పదడుగుల దూరం జరిగాను. ఈసారి ముందుగా అడుగున్నర గొయ్యి తీసి, నీళ్లు నింపి, మర్నాడు చూసుకున్నాను. ఇంకిపోయాకే పని మొదలుపెట్టాను. మట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి, నడుమ మెట్టతామర, తుంగ, గట్టున వట్టివేరు, నిమ్మగడ్డి పెట్టాను. ఇవి నాలుగు రోజులు నీళ్లు తగిలినా, నలభై రోజులు ఎండినా తట్టుకుంటాయి.

ఇంకుడు గుంతను నేను తక్కువ చేయడం లేదు. 2002 నాటి వాల్టా చట్టం దాని గురించి చెప్పింది, మంచిదే. కాకపోతే మూత కింద కంకర ఒండ్రుపట్టి మూసుకుపోయినా పైకి తెలియదు. చాలా ఇళ్లలో అది ప్లాను కాగితం మీద గీత, ఆపైన పూలకుండీ పెట్టుకునే అరుగు. పాదు అలా దాచుకోలేదు. దానికి జబ్బు చేస్తే పొద్దున్నే మీ కళ్లముందు నీళ్లు నిలిచి ఉంటాయి.

"మరి మీ బోరులో నీళ్లు పెరిగాయా?" అని అడుగుతారు, గెలిచినట్టు. కింద ఉన్నది నల్లరాయండీ. ఏ పగులు వెంట ఏ ఇంటి బోరుకు చేరతాయో నేనెలా చెప్పను? మట్టి పోయమన్నవాళ్ల బోరుకే చేరుతున్నాయేమో.

నిన్న మేస్త్రీ వచ్చాడు. "అమ్మా, పోర్టికోలో టైల్స్ మిగిలాయి, ఈ గుంట చదును చేసి వేసేయనా?" అన్నాడు. ఆ టైల్స్ మేడ మీదికి మోయించాను.