పాతిపెట్టిన కారు, చదవవలసిన కాగితాలు

ఇల్లు, పొలం, నాలుగు నగలు బిడ్డలకు మిగిల్చి పోవాలన్న కోరిక మనిషికి ఎంత సహజమో, తన కాలపు ఆనవాలు ఒకటి తాను చూడబోని తరానికి అందాలన్న కోరిక కూడా అంతే సహజం. శాసనం చెక్కించిన రాజుకు, చెరువు గట్టున రాయి పాతించిన గ్రామపెద్దకు, పుస్తకం మొదటి పుటలో పేరు వ్రాసుకొనే విద్యార్థికి ఉన్నది ఈ ఒక్క ఆశే. ఆశను తప్పు పట్టవలసిన పని లేదు. అయితే ఆ ఆనవాలును ఎక్కడ ఉంచాలి, ఎవరి చేతిలో పెట్టాలి అన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదని మా అభిప్రాయం. అమెరికాలోని ఒక నగరం చేసిన ప్రయత్నాన్ని పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఆ నగరం పేరు టల్సా. ఓక్లహోమా రాష్ట్రంలో చమురు వ్యాపారంతో పెరిగిన పట్టణం అది. 1907లో ఓక్లహోమాకు రాష్ట్ర ప్రతిపత్తి లభించింది. 1957లో అర్ధశతాబ్ది ఉత్సవాలు జరుపుకొంటూ నగరవాసులు ఒక వింత ఆలోచన చేశారు. ప్లిమత్ బెల్వడియర్ అనే సరికొత్త కారును, బంగారు వన్నె, తెలుపు కలిసినదానిని, 1957 జూన్ 15న కోర్టు భవనం ముందరి పచ్చికలో కాంక్రీటు గోతిలోకి దించి పూడ్చిపెట్టారు. సరిగా 50 సంవత్సరాల తరువాత దానిని వెలికి తీయాలన్నది నిర్ణయం. అప్పటికి పెట్రోలు దొరకకపోవచ్చునన్న ముందుచూపుతో 10 గ్యాలన్ల పెట్రోలు కూడా కారుతోపాటు పెట్టారు. ఒక స్త్రీ చేతిసంచిలో సామాన్యంగా ఉండే లిప్‌స్టిక్, తలపిన్నులు మొదలైనవాటితోపాటు, సొమ్ము చెల్లించని పార్కింగు జరిమానా చీటీని కూడా చేర్చారు. ఇవి గాక, జెండా, లేఖలు, మరికొన్ని పత్రాలు ఒక ఉక్కు పేటికలో పెట్టి, మూత అతికి, కారు పక్కనే ఉంచారు. ఇటువంటివాటిని ఆంగ్లంలో టైమ్ క్యాప్సూల్ అంటారు. మేము కాలపేటిక అంటాము.

దీనికి ఒక పోటీ కూడా జోడించారు. 2007 నాటికి టల్సా జనాభా ఎంత ఉంటుందో దగ్గరగా ఊహించినవారికి, వారు లేకపోతే వారి వారసులకు, ఆ కారు బహుమానం. అణుయుద్ధ భయం ప్రపంచాన్ని పట్టి పీడిస్తున్న రోజులవి. అందుచేత అణుబాంబు దెబ్బకు కూడా తట్టుకొనేటట్లు గోతిని కట్టామని నిర్మాతలు చెప్పుకొన్నారు.

2007 జూన్ 15 రానే వచ్చింది. వేలాదిమంది చూస్తుండగా ముసుగు తీశారు. గోతిలో నీరు చేరి ఎంతోకాలం నిలిచిపోయింది. కారు ఒళ్లంతా బురద, తుప్పు. బంగారు వన్నె కనిపించలేదు. లోపలి మెత్తలు చివికి పోయినాయి. ఇంజను నడిచే ప్రసక్తే లేదు. బాంబు పడలేదు, యుద్ధమూ రాలేదు. చుక్క చుక్కగా ఊరిన నీరు ఆ పని చేసింది. పెద్ద శత్రువుకు భయపడి గోడలు మందంగా కట్టినవారు చిన్న శత్రువును లెక్క చేయలేదు. కాని కారు పక్కన పెట్టిన ఉక్కు పేటిక మాత్రం చెక్కుచెదరలేదు. మూత గట్టిగా అతికినందువలన అందులోని జెండా, కాగితాలు పొడిగా, చదువుకొనేందుకు వీలుగా బయటికి వచ్చాయి.

బహుమానం సంగతి ఏమైంది? 3,84,743 అని ఊహించిన వ్యక్తి గెలిచాడు. లెక్కకు తీసుకొన్న అసలు జనాభా 3,82,457. అంత దగ్గరగా ఊహించిన ఆ మనిషి 1979లోనే కన్నుమూశాడు. తుప్పు పట్టిన కారు వారసుల పాలైంది. ఆ తరువాత ఒక సంస్థ చాలాకాలం శ్రమించి పైతుప్పును తొలగించింది గాని, కారును మళ్లీ కారుగా చేయడం సాధ్యపడలేదు. 2017లో అది ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక మోటారు ప్రదర్శనశాలకు చేరింది. దానిని తయారుచేసిన ప్లిమత్ పేరు కూడా 2001లోనే మార్కెట్టు నుండి మాయమైంది.

మన దేశపు అంబాసిడర్ కారును దీనితో పోల్చి చూడండి. అదీ ఆ దశాబ్దం చివరలో పుట్టినదే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో దాని తయారీ 2014లో ఆగిపోయింది. ఆగిపోయిన తరువాత కూడా పాత బండ్లు రోడ్డు మీద తిరిగాయి. వాటిని ఎవరూ భద్రంగా పాతిపెట్టలేదు. ఎండలో తిరిగాయి, గుంతలలో పడ్డాయి, అరిగిన భాగం మార్చి, పగిలినచోట అతికి మెకానిక్కులు మళ్లీ రోడ్డెక్కించారు. వాడుకలో ఉన్న వస్తువును బాగుచేసేవాడు ఉంటాడు. మూసిపెట్టినదానికి జబ్బు చేసినట్లు కూడా ఎవరికీ తెలియదు.

ఇంతవరకు ఇది ఒక కారు కథ. టల్సాకు మరొక జ్ఞాపకం ఉన్నది. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొనే మనం దానిని విధిగా తెలుసుకోవాలి. 1921 మే 31, జూన్ 1 తేదీలలో ఆ నగరంలోనే నల్లజాతివారు నివసించే గ్రీన్‌వుడ్ ప్రాంతంపై తెల్లవారి గుంపులు దాడి చేశాయి. మొదట గుంపులు చేరినది కూడా అప్పటి కోర్టు భవనం ముందరే. సుమారు 35 వీధి ఖండాలు దగ్ధమయ్యాయి. వెయ్యికి పైగా ఇళ్లు బూడిదయ్యాయి. మృతులు 300 వరకు ఉండవచ్చునని తరువాతి అంచనాలు చెబుతున్నాయి. ఇంతటి ఘోరం దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలలో కనిపించలేదు. బహిరంగంగా మాట్లాడేవారూ అరుదు. రాష్ట్ర ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించినది 1997లో; దాని నివేదిక వెలువడినది 2001లో. గుర్తు తెలియని సమాధుల కోసం తవ్వకాలు మొదలైనది 2020లో.

ఒకే నగరం రెండింటిని భూమిలో దాచింది. ఒకటి బాజాలతో, తేదీ ప్రకటించి, బహుమానం పెట్టి. రెండవది పేరు లేకుండా, తేదీ లేకుండా. మొదటిదానిని వెలికి తీయడానికి కాలపట్టిక ఉన్నది, రెండవదానికి లేదు. అయినా అది పూర్తిగా నశించలేదు. ఎందుచేత? బతికి బయటపడినవారు తమ బిడ్డలకు చెప్పారు. ఆ బిడ్డలు తమ బిడ్డలకు చెప్పారు. కొందరు వ్రాసి పెట్టారు, మరికొందరు ఛాయాచిత్రాలు దాచారు. కాంక్రీటు గోడలు కాపాడలేని పనిని మనుషుల నోళ్లు, చేతులు కాపాడాయి. బలవంతులు తమ వైభవాన్ని మాత్రమే పేటికలో పెడతారు. తక్కినవారి చరిత్రను తక్కినవారే మోయాలి.

మన దేశంలోనూ ఈ ముచ్చట లేకపోలేదు. 1973 ఆగస్టు 15న ఎర్రకోట ఆవరణలో ఇందిరా గాంధీ ప్రభుత్వం ‘కాలపాత్ర’ను పాతించింది. శతాబ్దాల తరువాతి ప్రజలకు ఉద్దేశించిన ఆ పాత్రను 1977లో జనతా ప్రభుత్వం తవ్వి తీయించింది. అందులో చరిత్ర ఎవరికి అనుకూలంగా వ్రాశారన్నదే అప్పటి వివాదం. శతాబ్దాల కోసం పెట్టినది అయిదేళ్లయినా నిలువలేదు. 2010లో కాన్పూరు ఐ.ఐ.టి. తన స్వర్ణోత్సవాలలో కాలపేటికను పాతించింది. ఉత్సవం వస్తే ఏ విద్యాసంస్థకైనా ఇటువంటి ఉత్సాహం కలగడం సహజమే. మేము ఉత్సాహాన్ని కాదనము. గొయ్యి తవ్వే ముందు మన చుట్టూ ఒకసారి చూడమంటాము.

చూడడానికి మన పల్నాడుకు మించిన పాఠశాల లేదు. మాచెర్లకు చేరువలోని నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల నాటి విజయపురి శతాబ్దాలపాటు మట్టిలో ఉన్నది. 1926లో దాని ఉనికి పండితుల దృష్టికి వచ్చింది. 1955 డిసెంబరు 10న సాగర్ నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోకముందే చూడగలిగినంత చూడాలని 1954 నుండి 1960 వరకు విస్తారంగా తవ్వకాలు జరిపి, శిల్పాలను, శాసనాలను కొండపైకి చేర్చారు. రాయి గట్టిది గనుక నిలిచింది. కాని ఆ రాళ్లపై ఉన్నది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. పొలం దున్నుతూ ఆ రాయిని చూసిన రైతుకు అది గీతలు పడిన బండ మాత్రమే. నేర్చినవారు వచ్చి చదివిన తరువాతనే అది మాట్లాడింది.

మాచవరం మండలంలోనివారికి నీటి సంగతి మరింత దగ్గరగా తెలుసు. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయం కింద ఈ ప్రాంతపు భూములు, ఇళ్లు మునిగాయి. ఇల్లు విడిచిపోయేవాడు బండిలో ఏమేమి వేసుకొంటాడు? పాత్రలు, మంచాలు, తలుపులు, ధాన్యం. అటక మీది ట్రంకుపెట్టెలోని పాత కాగితాల మూట చివరికి గాని గుర్తు రాదు.

ఆ మూటే ఈ వ్యాసానికి కారణం. మన విద్యార్థుల ఇళ్లలో కొందరికి ఉర్దూ, మరికొందరికి తెలుగు మాతృభాష. రెండు రకాల ఇళ్లలోనూ పెద్దల నాటి కాగితాలు ఉంటాయి: తాతగారి నికానామా, దర్గా ఇనాము భూమి దస్తావేజు, ఉద్యోగం కోసం దూరం వెళ్లిన కొడుకు తండ్రికి వ్రాసిన ఉత్తరం, వంశవృక్షం వ్రాసుకొన్న పాత నోటుపుస్తకం. చాలా ఇళ్లలో వాటిని గౌరవంగా గుడ్డలో చుట్టి ఉంచుతారు. చదవగలిగినవారు మాత్రం ఇంటిలో ఒక్కరు మిగిలారు, లేదా ఒక్కరూ మిగలలేదు. 2022లో ఉర్దూను రాష్ట్రానికి రెండవ అధికార భాషగా శాసనం చేశారు. శాసనం గౌరవాన్ని ఇస్తుంది. లిపిని నేర్పే పని మనది. లిపి పోయిన ఇంటిలో పొడిగా ఉన్న కాగితం కూడా తడిసి ముద్దయిన కాగితంతో సమానమే.

కాగితాలను ఫోటో తీసి సెల్‌ఫోనులో దాచుకొన్నాము గదా అని కొందరు అనవచ్చును. మంచిదే. అయితే చదవని ఫోటో కూడా మూసిన పేటికయే. ఫోను పాడయిననాడు దాని గతి టల్సా కారు గతియే. పేటికలు అసలు వద్దని మేము అనడం లేదు. ఉక్కు పేటిక తన మాట నిలబెట్టుకొన్నదని పైన చెప్పియున్నాము. అది నిలిచిన 50 ఏళ్లలో దానిలోని భాష చదివే జనం కూడా నిలిచి ఉన్నారన్నది మరువరాదు.

కాబట్టి కళాశాలకు మా సూచన ఇది. ప్రతి సంవత్సరం ప్రతి విద్యార్థీ తన ఇంటి నుండి, పెద్దల అనుమతితో, ఒక్క కాగితం నకలు తీసుకొని రావాలి. ఉర్దూ వచ్చినవారు దానిని బిగ్గరగా చదవాలి. రానివారు పక్కన కూర్చొని వ్రాయాలి. తెలుగు శాఖ అనువాదం చేయాలి. ఒక ప్రతి ఇంటికి, ఒక ప్రతి గ్రంథాలయానికి, ఎన్నిక చేసినవి ఈ వార్షిక సంచికకు చేరాలి. కాగితం లేని ఇంటిలో నానమ్మను అడిగి ఆమె మాట వ్రాసుకోవాలి. దీనికి కాంక్రీటు అవసరం లేదు. కొన్ని నోటుపుస్తకాలు, వారానికి ఒక గంట, ఓపిక గల ఇద్దరు అధ్యాపకులు చాలు.

టల్సా నగరం 1998లో మరొక కారును దాచింది; 2048లో తెరుస్తారట. ఈసారి గొయ్యి తవ్వలేదు, నేలపైన కట్టడంలో ఉంచారు.  2048 నాటికి నేటి మన విద్యార్థులు తల్లిదండ్రులై, కొందరు తాతలు, నానమ్మలు కూడా అయి ఉంటారు. ఆనాడు వారి మనుమలు ట్రంకుపెట్టె తెరిచి కాగితం విప్పినప్పుడు, పక్కన కూర్చొని చదివి చెప్పగలవారు ఆ ఇంటిలో ఉండాలి. అందుకు ఈ సంవత్సరమే చదువు మొదలు పెట్టుదము.