మూడు కోరికలు... ఒకటే తక్కెడ

ఉదయగిరికి సముద్రం లేదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, కొండల పక్కన ఉన్న ఊరది. ఆత్మకూరు మీదుగా వచ్చినా, కావలి దారి పట్టినా తీరం చేరాలంటే బస్సులో గంటల ప్రయాణమే. అయినా సముద్రం మీద ఒక ఉదయగిరి తిరుగుతోంది! 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన యుద్ధనౌక పేరు ఐఎన్‌ఎస్ ఉదయగిరి. ముంబయిలోని మజగావ్ డాక్‌లో కట్టారు దాన్ని. 2022 మే నెలలో జలప్రవేశం చేయించినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లోని పర్వతశ్రేణి పేరు పెట్టినట్టు ప్రకటించారు. ఆ పేరుతో ఇది రెండో నౌక. మొదటిది 1976 నుంచి 2007 దాకా సేవలందించి సెలవు తీసుకుంది.

కొత్త ఉదయగిరికి ఇంకో విశేషం ఉంది. మన నౌకాదళానికి చెందిన వార్‌షిప్ డిజైన్ బ్యూరో రూపకల్పన చేసిన నూరో నౌక ఇదే.

అసలు యుద్ధనౌకకు రూపకల్పన అంటే ఏం చేస్తారు? దానికి జవాబు ఉదయగిరి బజారులోనే దొరుకుతుంది. ఆ ఊరి చెక్క చెంచాలకు, గరిటెలకు దేశమంతా పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెంచా చెక్కేవారి చేతిలో ఉండేది ఒకటే చెక్కముక్క. కాడ లావుగా ఉంచితే గట్టిగానే ఉంటుంది, పట్టుకోవడానికి మొరటు. సన్నగా తీస్తే అందంగానే ఉంటుంది, విరిగే భయం. ఒకచోట ఎక్కువ కావాలంటే ఇంకోచోట తగ్గించుకోవాలి. ముక్క మాత్రం పెరగదు. యుద్ధనౌక కూడా అంతే. కాకపోతే ఇక్కడ తేడా వస్తే విరిగేది చెంచా కాదు.

కాగితం తీసుకోండి

నౌకల చరిత్ర అంటే ఇష్టపడేవాళ్లు ప్రపంచమంతటా సరదాగా ఆడుకునే ఆట ఒకటుంది. ఎవరూ కట్టని ఓడను కాగితం మీద కట్టడం! మనమూ ఆడదాం. కాలం 1906. ఓడ పేరు ఉదయగిరి అనే అనుకుందాం. బరువు 17 నుంచి 18 వేల టన్నులు. అంతకు మించితే ఖర్చు పెరుగుతుంది, నిలబెట్టే రేవులూ తక్కువే. ఇక మన కోరికలు మూడు. పెద్ద ఫిరంగులు కావాలి. మందపాటి ఉక్కు కవచం కావాలి. ఎవరికీ అందని వేగం కావాలి.

ఆ ఏడాదే బ్రిటన్ కట్టిన డ్రెడ్‌నాట్ అనే నౌక లెక్క చూడండి. మొత్తం 17,900 టన్నులు. అందులో ఓడ ఒళ్లు 6,100 టన్నులు, కవచం 5,000, ఫిరంగులు 3,100, ఇంజిన్లు, బాయిలర్లు 2,050 టన్నులు. మిగతాది బొగ్గు, సామాను. 12 అంగుళాల ఫిరంగులు పది. పక్కల కవచం 11 అంగుళాల మందం. వేగం 21 నాట్లు, అంటే గంటకు దాదాపు 39 కిలోమీటర్లు.

బాగానే ఉంది. ఇప్పుడు మన ఉదయగిరి 25 నాట్లు వెళ్లాలని అడుగుదాం. పెరిగింది నాలుగు నాట్లే కదా అనిపిస్తుంది. కానీ నీళ్లు అంత తేలిగ్గా దారివ్వవు. ఓడ వేగం రెట్టింపు కావాలంటే ఇంజిన్ శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. డ్రెడ్‌నాట్‌కు 23,000 అశ్వశక్తి సరిపోయింది. 25 నాట్లు దాటాలంటే 41,000 కావాలి. అంటే 18 బాయిలర్లున్న చోట 31 పెట్టాలి. వాటికి చోటు కోసం ఓడను 40 అడుగులు సాగదీయాలి. ఇంజిన్ల బరువు 2,050 నుంచి 3,390 టన్నులకు ఎగబాకుతుంది.

ఆ బరువు ఎక్కడి నుంచి తేవాలి? ఫిరంగులు పది నుంచి ఎనిమిదికి దించితే 660 టన్నులు కలిసొస్తాయి. అది చాలదు. కవచంలో చెయ్యి పెట్టాల్సిందే. 5,000 టన్నుల కవచాన్ని 3,460 చేస్తే లెక్క కుదురుతుంది. పక్కల మందం 11 అంగుళాల నుంచి ఆరుకు పడిపోతుంది.

ఇది మన ఊహ కాదు. బ్రిటన్ నిజంగా కట్టిన ఇన్విన్సిబుల్ నౌక లెక్క ఇదే. ‘అజేయ’ అని దాని పేరుకు అర్థం. యుద్ధనౌక ఫిరంగులు, క్రూయిజర్ వేగం ఉన్న ఈ రకానికి బ్యాటిల్ క్రూయిజర్ అని పేరొచ్చింది. దీని వెనక పట్టుబట్టి నిలిచింది సింహళంలో పుట్టిన అడ్మిరల్ జాన్ ఫిషర్. వేగమే రక్షణ అని ఆయన నమ్మకం. బలహీనుణ్ని తరిమి కొట్టవచ్చు, బలవంతుడు ఎదురైతే తప్పించుకోవచ్చు.

మద్రాసు మీద గుండ్లు

ఇలాంటి ఓడ ఎందుకు కావాలో నెల్లూరు జిల్లాకు బాగా తెలిసిన ఊరే చెబుతుంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ క్రూయిజర్ ఎమ్డెన్ మద్రాసు తీరానికొచ్చి వందకు పైగా గుండ్లు పేల్చింది. చమురు ట్యాంకులు భగ్గుమన్నాయి. జనం ఊరొదిలి పరుగులు తీశారు. నెల్లూరు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే. నాలుగు వేల టన్నులైనా లేని ఆ చిన్న ఓడ హిందూ మహాసముద్రంలో వర్తక నౌకల్ని పట్టి ముంచుతూ తిరిగింది. దాన్ని వెతకడానికి ఎన్నో నౌకలు గాలించాల్సి వచ్చింది. చివరికి నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాని ఆట కట్టించింది.

ఎమ్డెన్ ఏ దళం నుంచి విడిపోయి ఇటు వచ్చిందో, ఆ దళం పసిఫిక్ దాటి దక్షిణ అమెరికా కొసకు చేరింది. దాన్ని వేటాడటానికి ఇన్విన్సిబుల్‌ను, దాని జోడు ఇన్‌ఫ్లెక్సిబుల్‌ను పంపారు. డిసెంబరు 8న ఫాక్లండ్ దీవుల దగ్గర ఆ దళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. రెండు పెద్ద జర్మన్ క్రూయిజర్లు మునిగాయి. ఇన్విన్సిబుల్‌లో ఒక్క ప్రాణమూ పోలేదు. ఫిషర్ లెక్క నూటికి నూరు పాళ్లూ నిజమైంది. ఏ పనికి కట్టారో ఆ పనికే పంపారు మరి!

బాకీ తీరిన రోజు

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పెద్ద ఫిరంగులున్న ఓడను పెద్ద ఓడల వరసలో నిలబెట్టాలన్న ఆశ పుడుతుంది. 1916 మే 31న ఉత్తర సముద్రంలో, జట్లండ్ దగ్గర అదే జరిగింది. తనతో సమానమైన ఫిరంగులున్న శత్రువుకు ఎదురుగా బ్యాటిల్ క్రూయిజర్లు నిలిచాయి. ఒక్క సాయంత్రంలో బ్రిటన్‌వి మూడు పేలిపోయాయి. ఇన్‌డిఫాటిగబుల్‌లో 1,017 మంది, క్వీన్ మేరీలో 1,266 మంది, ఇన్విన్సిబుల్‌లో 1,026 మంది పోయారు. ఇన్విన్సిబుల్ నుంచి బతికి బయటపడింది ఆరుగురే.

తప్పంతా పలుచని కవచానిదేనా? కాదంటారు తర్వాత పరిశోధించినవాళ్లు. త్వరత్వరగా కాల్చాలన్న ఆత్రంలో మందు సంచుల్ని గదుల బయట పోగేశారు. మంట లోపలికి పోకుండా ఆపాల్సిన తలుపుల్ని తెరిచిపెట్టారు. ఒక ఫిరంగి గదిలో లేచిన నిప్పు అడుగునున్న మందుగుండు గది దాకా పరుగెత్తింది. డిజైనర్ కవచం తగ్గించాడు. వాడేవాళ్లు జాగ్రత్త కూడా తగ్గించారు. రెండు లోపాలూ కలిసి అంతమందిని బలిగొన్నాయి.

జర్మన్లు ఇదే తక్కెడను ఇంకోలా తూచారు. ఇన్‌డిఫాటిగబుల్‌ను ముంచిన వాన్ డెర్ టాన్‌నే చూడండి. అది కూడా బ్యాటిల్ క్రూయిజరే. 19 వేల టన్నుల పైచిలుకు. ఫిరంగుల్ని 11 అంగుళాలకు తగ్గించుకుని, ఆ మిగులును కవచానికి ఇచ్చారు. పక్కల మందం దాదాపు పది అంగుళాలు. పైగా 1915 జనవరిలో సీడ్లిట్జ్ అనే ఓడలో ఇలాంటి మంటే లేచి 150 మందికి పైగా కాలిపోవడంతో, మందు సంచుల విషయంలో జాగ్రత్త నేర్చుకున్నారు. జట్లండ్‌లో వాన్ డెర్ టాన్‌కు పెద్ద గుండ్లు నాలుగు తగిలాయి. ఒక దశలో దాని పెద్ద ఫిరంగులన్నీ మూగబోయాయి. అయినా పదకొండు మందిని మాత్రమే పోగొట్టుకుని ఇంటికి చేరింది.

మరి బరువు పెంచేస్తే మూడు కోరికలూ తీరవా? బ్రిటన్ ఆ ముచ్చటా తీర్చుకుంది. 1920లో పనిలోకి వచ్చిన హుడ్ 40 వేల టన్నులు దాటిన ఓడ. 15 అంగుళాల ఫిరంగులు, 12 అంగుళాల కవచం, 31 నాట్ల వేగం. అయినా 1941 మే 24న బిస్మార్క్ గుండు తగిలి నిమిషాల్లో మునిగింది. 1,418 మందిలో మిగిలింది ముగ్గురు. ఓడ పెద్దదైతే ఎదుటివాడి ఫిరంగీ పెద్దదవుతుంది. తక్కెడ పెద్దదైనా తూకం మాత్రం తప్పదు.

కొండ చెప్పే మాట

అయితే కవచాన్నే నమ్ముకుంటే పోలేదా? దీనికి ఉదయగిరి కోటను అడగాలి. సుమారు మూడు వేల అడుగుల కొండ. ఒకప్పుడు అక్కడ 13 కోటలు ఉండేవి, కొండ మీద ఎనిమిది, కింద అయిదు. కొండే కవచం. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. దాదాపు ఏడాదిన్నర కూర్చున్నాడు. బండరాళ్లు పగలగొట్టించి, సైన్యం నడిచేందుకు దారులు వేయించాడు. 1514లో కోట లొంగింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. కవచం ఎంత ఉన్నా కదలలేని బలం, ఎదుటివాడి ఓపిక ముందు ఓడిపోతుంది. పరుగే కవచమనుకున్న బలం ఒకే గుండుకు పేలిపోతుంది.

ఈనాటి ఐఎన్‌ఎస్ ఉదయగిరి బరువు సుమారు 6,700 టన్నులు. డ్రెడ్‌నాట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. వేగం 28 నాట్లు. అంగుళాల మందం ఉక్కు కవచం దానికి లేదు. శత్రువు రాడార్‌కు ఆనకుండా ఒంటిని ఏటవాలుగా మలిచారు. దూరం నుంచే కొట్టేందుకు బ్రహ్మోస్ క్షిపణులు, మీదికొచ్చే వాటిని గాల్లోనే కూల్చేందుకు మరికొన్ని పెట్టారు. వేగమే రక్షణ అని ఫిషర్ నమ్మినట్టే, కనబడకపోవడమే రక్షణ అని ఈ కాలం నమ్ముతోంది.

ఆ నమ్మకం సరైనదే కావచ్చు. కానీ ఇన్విన్సిబుల్ కథ ప్రతి డిజైనర్ బల్ల మీదా ఒక ప్రశ్న వదిలి వెళ్లింది. ఏదో ఒకటి తగ్గించక తప్పదు, సరే. ఏది తగ్గించామో, ఎందుకు తగ్గించామో ఆ ఓడ నడిపేవాళ్లకు గుర్తుంటుందా? కాగితం మీద కొట్టేసిన 1,540 టన్నుల కవచం బాకీని పదేళ్ల తర్వాత తీర్చింది, ఆ లెక్క ఎన్నడూ చూడని 1,026 మంది నావికులు.

మీ కాగితం మీది ఉదయగిరిని ఇంకోసారి చూసుకోండి. మీరు ఏం తగ్గించారు?