దేశం దాటిన బిడ్డ... కాలమే తీర్పరి

దాంపత్యం బీటలు వారినప్పుడు ఆస్తులను పంచుకోవచ్చు, అప్పులను పంచుకోవచ్చు. బిడ్డను పంచుకోవడం సాధ్యం కాదు. ఆ దంపతులు విదేశంలో స్థిరపడినవారైతే చిక్కు మరింత ముదురుతుంది. సెలవులకని బిడ్డతో పుట్టింటికి వచ్చిన తల్లి తిరిగి వెళ్లదు. లేదా భార్యకు తెలియకుండా భర్త బిడ్డను విమానం ఎక్కిస్తాడు. అక్కడి న్యాయస్థానం బిడ్డను వెనక్కి పంపాలని ఆదేశిస్తుంది. ఇక్కడి న్యాయస్థానంలో సంరక్షణ హక్కు కోసం మరో పిటిషన్ దాఖలవుతుంది. రెండు దేశాల ఉత్తర్వుల నడుమ బాల్యం కరిగిపోతుంది. లక్షల సంఖ్యలో తెలుగువారు అమెరికా సహా పలు దేశాల్లో జీవిస్తున్న నేపథ్యంలో ఇది ఎక్కడో జరిగే కథ కాదు.

ఇటువంటి వివాదాల కోసమే 1980 అక్టోబరులో హేగ్ ఒప్పందం రూపొందింది. 1983 నుంచి అమల్లో ఉన్న ఈ ఒప్పందంలో వందకు పైగా దేశాలు భాగస్వాములు. సంరక్షణ హక్కు తల్లిదా, తండ్రిదా అన్నది ఈ ఒప్పందం తేల్చదు. ఆ నిర్ణయం బిడ్డ స్థిరంగా నివసిస్తూ వచ్చిన దేశంలోనే జరగాలని, అందుకోసం 16 ఏళ్లలోపు పిల్లలను సత్వరం అక్కడికి చేర్చాలని మాత్రమే నిర్దేశిస్తుంది. బిడ్డకు తీవ్ర హాని ముప్పు ఉందని రుజువైతే మినహాయింపు ఇస్తుంది. శ్రీలంక 2001లో, పాకిస్థాన్ 2016లో ఇందులో చేరాయి. భారత్ చేరలేదు. అందువల్ల విదేశం నుంచి బిడ్డను ఇక్కడికి తెచ్చినా, ఇక్కడి బిడ్డను విదేశానికి తరలించినా ఈ ఒప్పందం అక్కరకు రాదు.

చేరకపోవడానికి బలమైన కారణమే ఉంది. ఒప్పందం రూపొందినప్పుడు సంరక్షణ హక్కు దక్కని తండ్రులే పిల్లలను ఎత్తుకుపోతారని భావించారు. కాలక్రమంలో ఇలాంటి కేసుల్లో బిడ్డను తీసుకెళ్లేవారిలో అత్యధికులు తల్లులేనని తేలింది. వారిలో గృహహింస నుంచి తప్పించుకుని వచ్చినవారూ ఉన్నారు. భర్త వీసాపై ఆధారపడి, ఉద్యోగం చేసే అనుమతి లేక, న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని మహిళకు పుట్టిల్లే ఏకైక ఆశ్రయం. బిడ్డను వెనక్కి పంపాలన్న ఉత్తర్వు ఆమెను మళ్లీ అదే ఇంటి గడప ముందు నిలబెట్టవచ్చు. హాని ఉందని నిరూపించే భారమూ ఆమెపైనే పడుతుంది.

ఈ రెండు వాదనల మధ్య నిర్ణయం ఏళ్ల తరబడి నలుగుతోంది. ఒప్పందంలో చేరాలని లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సిఫార్సు చేసింది. 2016లో 263వ నివేదికతో ముసాయిదా బిల్లునూ అందించింది. జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో ఈ వివాదాల పరిష్కారానికి ప్రత్యేక ప్రాధికార సంస్థ ఉండాలని సూచించింది. వీటి ఆధారంగా చట్టం మాత్రం రాలేదు.

ఆ ఖాళీని న్యాయస్థానాలే పూరిస్తున్నాయి. విదేశీ కోర్టు ఉత్తర్వు పరిగణించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, బిడ్డ సంక్షేమమే పరమావధి అని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. హైదరాబాద్ కుటుంబ న్యాయస్థానంలో మొదలైన ఒక వివాదంలో 2019 మార్చిలో పిల్లలను అమెరికాకు తిరిగి పంపాలని తీర్పునిచ్చింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమనూ పొందే హక్కు బిడ్డకు ఉందని 2020 జనవరిలో గుర్తుచేసింది. ఏ కేసుకు ఆ కేసే కావడంతో ఫలితం ఎటు మొగ్గుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఈలోగా బిడ్డ కొత్త బడికి, కొత్త భాషకు అలవాటు పడుతుంది. ఆ అలవాటే తర్వాత వాదనగా మారుతుంది. ఎవరు జాప్యం చేయగలిగితే వారికే లాభం. వాస్తవంలో తీర్పునిస్తున్నది కాలమే.

సుప్రీంకోర్టు 2009లో తేల్చిన ఒక కేసు ఇందుకు నిదర్శనం. తల్లీబిడ్డల ఆచూకీ కనుగొనడానికే రెండేళ్లు పట్టింది. చివరికి సీబీఐ రంగంలోకి దిగాల్సి వచ్చింది. అయితే దారి చూపిందీ ఆ కేసే. బిడ్డను అమెరికా పంపాలన్న న్యాయస్థానం, తల్లీబిడ్డల ప్రయాణ ఖర్చులు, అక్కడ వారి నివాస ఏర్పాట్లు తండ్రే భరించాలని షరతు పెట్టింది. తల్లిపై ఉన్న వారెంట్ల ఉపసంహరణకూ చర్యలు కోరింది.

ఈ రక్షణలను చట్టంలోనే పొందుపరిస్తే రెండు వాదనలకూ సమాధానం దొరుకుతుంది. వివాదం తేలడానికి గడువు, హింస ఆరోపణలపై ముందస్తు విచారణ, తిరిగి వెళ్లే తల్లికి నివాసం, న్యాయ సహాయం, అరెస్టు నుంచి రక్షణ అందులో ఉండాలి. చట్టం వచ్చేదాకా తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఒక్కటే: హింస భయం లేనిచోట, బిడ్డ రెండోవారితో రోజూ ఫోన్‌లో, వీడియోలో మాట్లాడే అవకాశాన్ని తెంచకపోవడం. దంపతుల బంధం కోర్టులో ముగిసిపోవచ్చు. బిడ్డకు మాత్రం అమ్మ, నాన్న ఇద్దరూ కావాలి.